హామ్ ప్యాకెట్ మీద తేదీ స్టిక్కరును గోటితో గీకి చూడండి

నెల్లూరులో హామ్ (ఉప్పు పట్టించి నిల్వ చేసిన మాంసం), సాసేజ్‌లు కొనేవారందరికీ ఈ మాట చేరాలని రాస్తున్నాను. మొన్న శనివారం ఫ్రీజరులో పెట్టిన మాంసం అమ్మే ఒక దుకాణంలో 200 గ్రాముల పంది హామ్ ప్యాకెట్ కొన్నాను. ధర తగ్గించి ఇస్తున్నామన్నారు, సంతోషంగా తెచ్చుకున్నాను.

సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చారు. హామ్ ఉంటే వంట పావుగంట పని. పొద్దున మిగిలిన మొలగొలుకుల అన్నంలో ఉల్లికాడలు, గుడ్డు, సన్నగా తరిగిన హామ్ వేసి పెద్ద మంట మీద తిప్పితే చాలు. హామ్‌కు ఉప్పు ముందే పట్టి ఉంటుంది కనుక మళ్లీ వేయకూడదు. బంగాళాదుంప వేపుడు దించే ముందు నాలుగు ముక్కలు కలిపినా, అట్టు మీద గుడ్డు కొట్టి పైన పరిచినా పిల్లలు ఇష్టంగా తింటారు. అన్నం విడదీసి, ఉల్లికాడలు తరిగి, కత్తెర చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు చూశాను, ప్యాకెట్ దిండులా ఉబ్బి ఉంది. గాలి తీసి మూసిన ప్యాకెట్ ముక్కలను అంటిపెట్టుకుని ఉండాలి. అడుగున మసక నీరు చేరింది. తేదీ ఉన్న తెల్ల స్టిక్కరు ఒక మూల లేచి కనిపించింది. గోటితో గీకితే కింద ఇంకో తేదీ! గడువు ముగిసి అప్పటికే 23 రోజులు. విప్పితే పులిసిన వాసన. ముక్కను పట్టుకుంటే వేళ్ల మధ్య జిగురు తీగలా సాగింది.

వెంటనే వెనక్కి తీసుకువెళ్లాను. "ఏం కాదమ్మా, బాగా వేయించుకుంటే సరిపోతుంది" అన్నాడు దుకాణదారు. డబ్బు పోయినందుకు కాదు, ఈ మాటకే నాకు ఒళ్లు మండింది. స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా ఉప్పు పట్టించిన మాంసంలో కూడా పెరుగుతుంది. అది వదిలిన విషం వేయించినా, ఉడికించినా పోదు. లిస్టీరియా అయితే ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. గర్భిణులకు అది కడుపులో బిడ్డనే పోగొట్టేంత ప్రమాదం. అలాంటి సరుకు మీద కొత్త తేదీ అంటించి అమ్మడానికి చేతులెలా వచ్చాయి?

అతని ఫ్రీజరులోకి తొంగి చూశాను. ప్యాకెట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే గడ్డగా ఉన్నాయి. సరుకు ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందనడానికి అది గుర్తు. మన ఊరి ఎండలకు, కరెంటు కోతలకు ఇది చిన్న విషయం కాదు. ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. ప్యాకెట్ రాయిలా గట్టిగా లేకపోతే డబ్బు ఇవ్వకండి. స్టిక్కరు మీద స్టిక్కరు ఉంటే అసలు ముట్టుకోకండి. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూడండి. "హామ్" అని పెద్ద అక్షరాల్లో ఉన్నా అది కోడిమాంసంతో చేసినది కావచ్చు, వెనక రాసిన పదార్థాలు చదవండి. మంచి ప్యాకెట్ అయినా విప్పాక ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు రోజులే, ఆ తరువాత పారేయండి.

బిల్లు తప్పకుండా అడిగి తీసుకోండి. నేను తీసుకున్నాను కాబట్టే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వగలిగాను. ఆ ప్యాకెట్‌ను రెండు కవర్లలో చుట్టి, లేచిన స్టిక్కరుతో సహా, ఫ్రీజరులో విడిగా దాచాను. అధికారులు ఎప్పుడు అడిగినా చూపిస్తాను.