'ప్రీ-సర్టిఫైడ్ గ్రీన్' అని ఫ్లాట్ అమ్ముతున్నారా? చెక్కు రాసేముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో పడమటి వైపు, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర 'గ్రీన్ హోమ్స్' అని పెద్ద పెద్ద ఫ్లెక్సీలు కట్టిన ప్రాజెక్టుకి అడ్వాన్స్ ఇద్దామనుకుంటున్నవాళ్లు దయచేసి ఒక్క రోజు ఆగండి. ఫిర్యాదు వేయబోతున్నాం కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. గేటు పక్కన మొక్కల గోడ, దాని మీంచి నీళ్లు జారుతూ ఉంటాయి అంటే సైట్ చూసినవాళ్లకి అర్థమైపోతుంది. వాళ్లిప్పుడు రెండో ఫేజ్ అమ్ముతున్నారు. అదే బ్రోచర్, అవే మాటలు. నిన్న ఒక కొత్త జంటని శాంపిల్ ఫ్లాట్ చూపించడానికి తీసుకెళ్తుంటే నేను లిఫ్ట్ దగ్గర నిలబడి చూశాను. వాళ్లని ఆపి చెప్పలేకపోయాను. అందుకే రాత్రి పన్నెండైనా కూర్చుని రాస్తున్నాను.

మా సంగతి త్వరగా చెప్పేస్తా. 2022లో బుక్ చేశాం. మొన్న దీపావళి తర్వాత గృహప్రవేశం. 1,385 చదరపు అడుగులు. చుట్టుపక్కల రేటు కంటే అడుగుకి 250 రూపాయలు ఎక్కువ తీసుకున్నారు, గ్రీన్ బిల్డింగ్ కాబట్టి అని. అంటే 3,46,250 రూపాయలు. మా ఆయన పీఎఫ్ తీసి కట్టారు. నీళ్ల బాధ ఉండదు, కరెంట్ బిల్లు తగ్గుతుంది, పిల్లలకి మంచి అలవాట్లు వస్తాయి అని నేనే పట్టుబట్టాను. ఆయన వద్దన్నారు. ఈ మాట రాయడానికి చాలా కష్టంగా ఉంది, కానీ నిజం.

బ్రోచర్‌లో తొమ్మిదో పేజీ నిండా హామీలే. ఎనిమిది ఇంకుడు గుంతలు. మురుగునీరు శుద్ధి చేసి ఆ నీళ్లే ఫ్లష్‌కి, మొక్కలకి. అన్ని ఫ్లాట్లకీ సోలార్ వేడినీళ్లు. పడమటి కిటికీలకి రెండు పొరల అద్దం. ఏఏసీ ఇటుకలు, అంటే వేడిని ఆపే తేలిక ఇటుకలు. ఆ ఇటుకలు మాత్రం పెట్టారు, లేనిది చెప్పకూడదు.

మార్చి వచ్చేసరికి రెండు బోర్లూ ఎండిపోయాయి. ట్యాంకర్లు మొదలయ్యాయి. 186 ఫ్లాట్లు మావి, రోజుకి పదివేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది, పది దాకా. ఊరంతా ఇలాగే ఉంది కదా అని సర్దుకున్నాం. సోలార్ వేడినీళ్లు పై రెండు అంతస్తులకే వస్తాయని అప్పటికే తెలిసింది, దానికీ సర్దుకున్నాం. పడమటి గదిలో మే నెలంతా మంచం గోడ పక్క నుంచి జరిపి పడుకున్నాం. అద్దం ఒకటే పొర. దానికీ సర్దుకున్నాం.

మృగశిర కార్తె రెండో రోజు సాయంత్రం గంటసేపు వాన పడింది. సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. ఎనిమిది ఇంకుడు గుంతలున్న చోట నీళ్లు ఎందుకు నిలబడ్డాయని నాకప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

మర్నాడు పొద్దున నేనూ, బీ బ్లాక్ మాస్టారు గారూ కలిసి గడ్డపార అడిగి తీసుకున్నాం. ఆకుపచ్చ రంగుతో 'రెయిన్ వాటర్ హార్వెస్టింగ్ పిట్ - 4' అని అందంగా రాసిన మూత ఒకటి ఉంది, పిల్లల ఊయల పక్కన. రోజూ సాయంత్రం దాని మీదే నిలబడి మా చిన్నదాన్ని ఊపేదాన్ని. మాస్టారు గారు గడ్డపార పెట్టి లేపారు.

లోపల రెండున్నర అడుగుల లోతు తొట్టి. అంతే. కంకర లేదు, ఇసుక లేదు. ఖాళీ సిమెంట్ బస్తాలు, ఇటుక ముక్కలు, పెయింట్ డబ్బా, నల్లటి నీళ్లలో కదులుతున్న దోమ పిల్లలు. మాస్టారు గారు గడ్డపార కొసతో అడుగున పొడిచారు. టంగుమంది. అడుగంతా సిమెంట్‌తో నున్నగా ప్లాస్టరింగ్ చేసి ఉంది. నీళ్లు భూమిలోకి దిగే దారే లేదు. పక్క గోడకి ఒక పైపు పెట్టి, దాన్ని రోడ్డు కాలవలో కలిపేశారు. మిగతా ఏడూ తెరిచాం. ఒక్కటి కూడా గుంత కాదు. అన్నీ తొట్లే.

ఇంకుడు గుంత అంటే ఏం ఉండాలో పల్లెటూళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అడుగు మట్టే ఉండాలి. దాని మీద పెద్ద కంకర, ఆ పైన చిన్న కంకర, పైన దొడ్డు ఇసుక. హైదరాబాద్ నేల కింద ఉన్నదంతా గ్రానైట్ రాయి. పైన మెత్తబడిన పొరలో, రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లే మన బోర్లకి వచ్చేది. అక్కడికి వాన నీళ్లు దింపకపోతే ఎంత లోతు బోరు వేసినా ఏం లాభం? ఇక్కడ ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. మా మూడు బ్లాకుల డాబాలు కలిపి దాదాపు 2,500 చదరపు మీటర్లు. ఐదో వంతు ఆవిరైపోయిందనుకున్నా 16 లక్షల లీటర్లు. నూట అరవై ట్యాంకర్ల నీళ్లు ఏటా రోడ్డు మీదకి వదిలేసి, మళ్లీ మేమే డబ్బులిచ్చి నీళ్లు కొంటున్నాం.

ఇంకో సంగతి విన్నాక నాకు కాళ్లు ఆడలేదు. అక్కడ పనిచేసిన ఒకాయన చెప్పాడు (ఎవరో చెప్పను, ఆయన పొట్ట కొట్టలేను): నాలుగో నంబరు తొట్టిలో ఒక రోజు కంకర పోశారట, ఫొటోలు తీసుకున్నారట, తర్వాత తీసేసి సీ బ్లాక్ దారికి వాడారట. ఆ ఫొటో నా ఫోన్‌లో ఉంది. 2023లో 'మీ ఇంటి పనుల పురోగతి' అని వాళ్లు పంపిన మెయిల్‌లో వచ్చింది. నేనే సంతోషంగా మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మా తమ్ముడు దాని కింద చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు ఆ ఫొటో తెరిస్తే గుండె మండిపోతోంది.

అంతటితో ఆగకుండా ప్లంబర్‌ని పిలిచి పైపులు వెళ్లే డక్ట్ తెరిపించాం. ఫ్లష్‌కి శుద్ధి చేసిన నీళ్లు రావాలంటే వేరే లైను ఉండాలి కదా. ఉంది. పైపు ఉంది, మా అంతస్తు దాకా వచ్చింది, చివర ఎండ్ క్యాప్ బిగించి ఉంది. ఫ్లష్ ట్యాంకుకి మామూలు నీళ్ల లైనే కలిపారు. కింద మురుగునీరు శుద్ధి చేసే ఎస్‌టీపీ గదిలో మోటార్ల మీద దుమ్ము, ఒకదానికి ప్యాకింగ్ కవర్ కూడా తీయలేదు. తెల్లవారుజామున వచ్చే పసుపు రంగు ట్యాంకర్ మురుగు తోడుకుపోవడానికి వస్తోందని అప్పుడు తెలిసింది. మనిషికి రోజుకి 135 లీటర్ల లెక్క వేసుకుంటే అందులో 45 లీటర్లు ఫ్లష్‌కే పోతాయి. ఫ్లాట్‌కి నలుగురు చొప్పున 186 ఫ్లాట్లకి లెక్కేసి చూడండి, రోజుకి 33 వేల లీటర్ల పైచిలుకు. మూడు ట్యాంకర్ల మంచినీళ్లు ఫ్లష్‌లో పోస్తున్నాం, మండు వేసవిలో.

ఇక బిల్డర్ ఆఫీసుకి వెళ్లిన రోజు. నేను అసలు రాయాలనుకున్నది ఇదే.

బుకింగ్ రోజున అక్కడి మేనేజర్ నన్ను "అక్కా" అన్నాడు. కొబ్బరి బోండాం కొట్టించి తెచ్చాడు, ప్లాస్టిక్ స్ట్రా వాడం అక్కా అని కాగితం స్ట్రా ఇచ్చాడు. మా అమ్మకి కుర్చీ తెచ్చి వేశాడు. మొన్న శుక్రవారం బ్రోచర్, ఫొటోలు పట్టుకుని వెళ్తే నలభై నిమిషాలు బయట కూర్చోబెట్టాడు. లోపలికి పిలిచాక ఫోన్‌లోంచి తలెత్తలేదు. నేను ఫొటోలు ఒక్కొక్కటీ టేబుల్ మీద పెట్టాను. చూడలేదు. బ్రోచర్ తొమ్మిదో పేజీ తెరిచి ముందుకు జరిపాను. అప్పుడన్నాడు:

"మేడం, మీకిచ్చిన కాగితంలో ప్రీ-సర్టిఫైడ్ అని ఉంది. ప్రీ అంటే డిజైన్‌కి ఇచ్చింది. బిల్డింగ్‌కి ఇచ్చారని మేం ఎక్కడ చెప్పాం?"

నాకు నోట మాట రాలేదు. ఫైనల్ సర్టిఫికెట్ ఎప్పుడొస్తుందని అడిగాను. "దానికి మేం అప్లయ్ చేయలేదు, చేయాలని అగ్రిమెంట్‌లో ఉందా?" అన్నాడు. అగ్రిమెంట్‌లో లేదు. నిజమే. బ్రోచర్‌లోవి ఊహాచిత్రాలు మాత్రమే అని అగ్రిమెంట్ పద్దెనిమిదో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. నేను సంతకం పెట్టాను, చదవకుండా.

మరి నీళ్ల సంగతేంటి అన్నాను. దానికి అతను చెప్పిన జవాబు ఇప్పటికీ చెవుల్లో మోగుతోంది. "మీ కుళాయిలో నీళ్లొస్తున్నాయా లేదా మేడం? వస్తున్నాయి కదా. ఎక్కడి నుంచి వస్తే మీకేంటి?"

ఎక్కడి నుంచి వస్తే నాకేంటట. చుట్టుపక్కల ఊళ్ల బోర్ల నుంచి తోడి తెస్తున్న నీళ్లు అవి. ఆ ఊళ్లో మనుషులు బిందెలు పట్టుకుని నిలబడుతున్నారు. అది వద్దనే కదా, అడుగుకి 250 ఎక్కువైనా ఇక్కడ కొన్నది! నేను ఏడ్చేశాను. అతని ముందు ఏడ్చినందుకు నా మీద నాకే కోపంగా ఉంది. బయటికొస్తుంటే రిసెప్షన్ అమ్మాయి మంచినీళ్లిచ్చింది, తల దించుకుని.

సైట్ మొదటిసారి చూసిన రోజు మా అమ్మ ఒక్కటే అడిగింది: "వాన నీళ్లు ఎటు పోతాయే ఇక్కడ?" మా ఊళ్లో ఇల్లు కట్టేముందు అందరూ ముందు చూసేది అదే, వాటం ఎటుందని. నేను విసుక్కున్నాను. అవన్నీ ఇంజినీర్లు చూసుకుంటారమ్మా, సర్టిఫికెట్ కూడా ఉంది అన్నాను. పదో తరగతి చదివిన మా అమ్మకి వచ్చిన ప్రశ్న, పద్దెనిమిదేళ్లు ఉద్యోగం చేసిన నాకు రాలేదు.

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థని నేను తప్పు పట్టడం లేదు. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 2001 నుంచి ఉంది, దాని ముఖ్య కార్యాలయం మన హైదరాబాద్‌లోనే. వాళ్ల పద్ధతి స్పష్టంగానే ఉంది: డిజైన్ దశలో ప్రీ-సర్టిఫికేషన్, కట్టడం పూర్తయ్యాక అసలు రేటింగ్. సర్టిఫైడ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని ఉంటాయి. డిజైన్‌కి ఇచ్చిన కాగితం చూపించి అసలు రేటింగ్ ఉన్నట్టు మనల్ని నమ్మించడమే ఇక్కడ జరిగిన మోసం. హైటెక్ సిటీ దగ్గర పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది చూడండి, అమెరికా బయట 'లీడ్' అనే అమెరికా గ్రీన్ బిల్డింగ్ పద్ధతిలో ప్లాటినం రేటింగ్ వచ్చిన మొదటి భవనం, 2004లో కలాం గారు ప్రారంభించారు. ఆ ఆవరణలోనే మురుగునీటిని మొక్కల వేళ్లతో శుద్ధి చేసి వాడుకునేలా కట్టారు. ఇరవై ఏళ్ల కిందటే మన ఊళ్లో చేసి చూపించిన పని అది. చేతకాక కాదు, చేయాలని లేక చేయలేదు వీళ్లు.

కొనేవాళ్లకి నాకు తెలిసింది చెప్తున్నా. ప్రీ-సర్టిఫైడ్ అంటే నమ్మకండి. ఫైనల్ రేటింగ్ తెస్తామని, తేకపోతే ఎంత వెనక్కిస్తారో, అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. అదే బిల్డర్ అంతకుముందు కట్టినదాని ఫైనల్ సర్టిఫికెట్ అడగండి. నిర్మాణ వైశాల్యం 20,000 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి తప్పనిసరి, ఆ అనుమతి పత్రం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది. ఎన్ని గుంతలు తవ్వాలో, ఎస్‌టీపీ ఎంత సామర్థ్యం ఉండాలో అలాంటి షరతులు అందులో చూసుకోవచ్చు. ఆరు నెలలకోసారి ఆ షరతుల మీద నివేదిక కూడా ఇవ్వాలి, అది అడగండి. మొదటి ఫేజ్‌లో ఉంటున్నవాళ్లని కలవండి. మూత ఎత్తించి చూడండి, సిగ్గుపడకండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లకి: ఇళ్లు, స్థలాల అమ్మకాలకి సంబంధించిన రెరా చట్టం 12వ సెక్షన్ ఉంది. ప్రకటనలోనో బ్రోచర్‌లోనో ఉన్న తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోతే ప్రమోటర్, అంటే బిల్డర్, పరిహారం ఇవ్వాలి. పర్యావరణం పేరుతో తప్పుడు ప్రకటనలు చేయకూడదని 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల అథారిటీ మార్గదర్శకాలు కూడా తెచ్చింది. ఇవన్నీ ఈ వారంలో మాస్టారు గారు కూర్చుని చదివి చెప్పినవి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. రెరాకి కాగితాలు సిద్ధం చేస్తున్నాం.

ఆదివారం పొద్దున పదింటికి ఏ బ్లాక్ సెల్లార్‌లో కూర్చుంటున్నాం. మొదటి ఫేజ్‌వాళ్లు తప్పకుండా రండి. 2021, 2022లో ఇచ్చిన పాత బ్రోచర్ ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి. ఆఫీసువాళ్లు 'కొత్తది ఇస్తాం, పాతది ఇచ్చేయండి' అని ఇద్దరు ముగ్గుర్ని అడిగారని తెలిసింది. ఇవ్వకండి. తొమ్మిదో పేజీ, వెనక అట్ట, బుకింగ్ రసీదు, వాళ్లు పంపిన ఆ కంకర ఫొటో ఉన్న మెయిల్, ఈ నాలుగూ తీసుకురండి.