జెడ్‌స్టాండర్డ్‌తో ఆరేళ్లు: లెవెల్ నంబర్ మోజు వదిలాక

జెడ్‌స్టాండర్డ్ అంటే ఫైళ్లని కుదించి చిన్నవి చేసే టూల్. మొదటి ఏడాది దాంట్లో నేను చేసిన సెట్టింగ్ ఒక్కటే: లెవెల్ 19. పెద్ద నంబరు పెడితే ఫైలు చిన్నదవుతుంది, ఇందులో ఇంకా ఆలోచించడానికి ఏముంది అనుకున్నాను. అర్ధరాత్రి మొదలైన బ్యాకప్ పొద్దున్న అందరూ పనిలోకి దిగే వేళకీ నడుస్తూనే ఉండేది. సర్వర్ నత్తనడక నడుస్తోందని ఫిర్యాదులు వస్తే డేటాబేస్‌ని అనుమానించి రెండు వారాలు ఇండెక్సులు సరిచేస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే దొంగ నా స్క్రిప్టులోనే ఉన్నాడు.

అంతకుముందు వేరే కుదింపు టూల్స్ ఉండేవి: రోజువారీ పనికి జీజిప్, దాచిపెట్టే వాటికి ఎక్స్‌జెడ్ వాడేవాణ్ణి. యాన్ కొలెట్ రాసిన జెడ్‌స్టాండర్డ్‌ని ఫేస్‌బుక్ 2016లో 1.0గా విడుదల చేసినా, నేను చాలాకాలం పట్టించుకోలేదు. 2020 జనవరిలో ఆర్చ్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు తమ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఎక్స్‌జెడ్ నుంచి దీనికి మార్చామంటూ ఇచ్చిన లెక్క నన్ను కదిలించింది. మొత్తం సైజు సుమారు 0.8 శాతం పెరిగింది, విప్పే వేగం మాత్రం దాదాపు 1300 శాతం పెరిగింది. కుదించేది ఒక్కసారే, విప్పేది ఎన్నిసార్లో. ఆ రోజే మారిపోయాను. మారినందుకు ఇప్పటికీ బాధ లేదు. బాధల్లా సెట్టింగులు అర్థం చేసుకోవడానికి పట్టిన కాలం గురించే.

లెవెల్ అంటే ఒక నాబ్ కాదు, అరడజను నాబ్‌లను కలిపి కట్టిన మూట. విండో (ఎంత వెనక్కి చూడాలి) ఎంత, హాష్ టేబుల్ (చూసిన ముక్కల్ని గుర్తుంచుకునే పట్టిక) ఎంత, ఎంత లోతుగా వెతకాలి, ఏ పద్ధతిలో వెతకాలి అన్నీ ఆ నంబరు వెనక ఉంటాయి. మామూలుగా 1 నుంచి 19 దాకా, అల్ట్రా ఆప్షన్ ఇస్తే 22 దాకా వెళ్లొచ్చు. ఏమీ చెప్పకపోతే 3. వేగమే ముఖ్యమైతే ఫాస్ట్ ఆప్షన్‌తో సున్నా కిందికీ దిగొచ్చు. కింది లెవెళ్లలో పోలిక, అంటే ముందు వచ్చినలాంటి ముక్క, దొరకగానే తీసుకుని ముందుకు పోతుంది. మధ్యలో, ఒక బైటు ఆగితే ఇంకా పొడవైన పోలిక దొరుకుతుందేమో అని చూస్తుంది. పై లెవెళ్లలో ఒక్కో దారికి ఎన్ని బిట్లు ఖర్చవుతాయో లెక్కగట్టి చవకైనది ఎంచుకుంటుంది. అందుకే పైకి వెళ్లేకొద్దీ సమయం గెంతుతూ పెరుగుతుంది, సైజు నలుసులా తగ్గుతుంది. విప్పే వేగం మాత్రం ఏ లెవెల్లో కుదించినా ఇంచుమించు అంతే ఉంటుంది. దీని అసలు గొప్పతనం అదే.

మీ డేటాకి ఏ లెవెల్ సరిపోతుందో ఎవరినీ అడగక్కర్లేదు. టూల్‌లోనే బెంచ్‌మార్క్ ఆప్షన్ ఉంది. మీ ఫైలే ఇచ్చి 1 నుంచి 19 వరకు నడపమంటే ఒక్కో లెవెల్‌కి సైజూ వేగమూ వరసగా చూపిస్తుంది. ఇది నాకు రెండో ఏడాదిలో తెలిసింది. ఆ పట్టిక చూసి రాత్రి బ్యాకప్‌ని 19 నుంచి 6కి దించాను. ఫైలు కాస్త లావెక్కింది, పొద్దుటి ఫిర్యాదులు ఆగిపోయాయి.

అసలు ఆట విండోలో ఉంది. ఈ రకం అల్గారిదమ్‌లన్నీ చేసేది ఒకటే: ఇప్పుడు వస్తున్న ముక్క ఇంతకుముందు వచ్చిందే అయితే, దాన్ని మళ్లీ రాయకుండా 'ఇంత వెనక్కి వెళ్లి ఇంత పొడవు తెచ్చుకో' అని రాస్తాయి. ఎంత వెనక్కి చూడగలదన్నదే విండో. జీజిప్‌కి అది 32 కేబీ మాత్రమే. జెడ్‌స్టాండర్డ్‌లో లెవెల్ 3కి 2 ఎంబీ, 19కి 8 ఎంబీ, 22కి 128 ఎంబీ.

ఇప్పుడు నా సంగతి చూడండి. వారంలో ఏడు రోజుల డేటాబేస్ డంపులు (మొత్తం డేటా కాపీలు), ఒక్కోటి పావు జీబీ, అన్నీ ఒక టార్ ఫైల్లో, అంటే ఫైళ్లన్నీ కలిపి కట్టిన మూటలో. సోమవారం డంపుకీ మంగళవారం డంపుకీ తేడా పిసరంత. కానీ ఒకేలాంటి రెండు వరసల మధ్య దూరం 250 ఎంబీ. 8 ఎంబీ వెనక్కి మాత్రమే చూడగల లెవెల్ 19కి మంగళవారం డంపు పూర్తిగా కొత్తదే. రాత్రంతా సీపీయూని కాల్చి, ఒకే సరుకుని ఏడుసార్లు కష్టపడి కుదించేవాణ్ణన్నమాట.

దీనికి మందు లాంగ్ ఆప్షన్. దాన్ని 31కి పెడితే విండో 2 జీబీ అవుతుంది; ఆ నంబరు ఒకటి తగ్గితే విండో సగమవుతుంది. లెవెల్ 3తోనే నడిపాను. వారం మొత్తం డంపులు ఒక డంపు కుదించినంత సైజుకి కాస్త ఎక్కువలో వచ్చేశాయి, అదీ 19కి పట్టిన సమయంలో చిన్న వంతులో. ఆ రోజు స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకి కూడా చూపించాను. ఎవరికీ అర్థం కాలేదు, అది వేరే విషయం.

సరిగ్గా అయిదు నెలల తర్వాత సర్వర్ డిస్కు పోయింది. చేతిలో ఉన్నది 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. బ్యాకప్ విప్పబోతే ఎర్రర్: దీన్ని విప్పడానికి మెమరీ చాలా ఎక్కువ కావాలి, లాంగ్ ఆప్షన్‌ని 31కి పెట్టి మళ్లీ ప్రయత్నించు అని. విషయమేమిటంటే, విండో ఎంత పెద్దదైతే విప్పే వైపు అంత మెమరీ కావాలి. 128 ఎంబీ, అంటే 27 దాటితే, మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప విప్పదు. ముక్కూమొహం తెలియని ఫైలు మెషీన్ మెమరీ అంతా మింగేయకుండా పెట్టిన కాపలా అది. సరే, 31 ఇచ్చాను. ర్యామే మొత్తం 2 జీబీ ఉన్నచోట 2 జీబీ విండో ఎక్కడ పడుతుంది? మెమరీ చాలదని ఆగిపోయింది. అర్ధరాత్రి స్నేహితుణ్ణి లేపి, పెద్ద మెషీన్ అరువు తెచ్చుకుని విప్పాల్సి వచ్చింది. ఆ మూడు గంటల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

తర్వాత తీరిగ్గా కూర్చుంటే తెలిసింది, నాకు 31 అసలు అవసరమే లేదని. మంగళవారం డంపుకి పోలిక దొరకాల్సింది సోమవారం డంపులో. వారం మొత్తం వెనక్కి చూడక్కర్లేదు, ఒక్క రోజు చూస్తే చాలు. అంటే 512 ఎంబీ, 29 సరిపోతుంది. అక్కడితో ఆగకుండా డంపులని టేబుల్ వారీగా విడగొట్టి, ఒకే టేబుల్ ఏడు రోజుల కాపీలు టార్‌లో పక్కపక్కనే వచ్చేలా పేర్ల వరస మార్చాను. నా అతిపెద్ద టేబుల్ 90 ఎంబీ. ఇప్పుడు దూరం 128 ఎంబీ లోపే. లాంగ్ ఆప్షన్‌కి నంబరు ఇవ్వకపోతే అది తీసుకునేది 27నే. ఏ డొక్కు మెషీన్‌లోనైనా, ఏ ఆప్షనూ గుర్తు పెట్టుకోకుండా విప్పొచ్చు. సైజులో 31కీ దీనికీ తేడా నాకు లెక్కలోకి రానంత.

ఇంకో మాట. ఇదంతా పనిచేయాలంటే లోపలి డంపులు ముడిగా ఉండాలి. మొదట్లో పాత స్క్రిప్టొకటి వాటిని జీజిప్ చేసి ఇస్తుండేది. ఒకసారి కుదించాక మొదట్లో ఒక్క బైటు మారినా అక్కణ్ణించి అంతా వేరేలా కనిపిస్తుంది. ఎంత పెద్ద విండో పెట్టినా లాభం లేదు. ఫోటోలు, వీడియోలు, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లదీ అదే కథ.

మల్టీ థ్రెడింగ్ బాగుంది, కానీ అందులో ఓ మడత ఉంది. పనిని ముక్కలు చేసి కోర్లకి పంచుతుంది. మామూలుగా ఒక్కో ముక్క సైజు విండోకి నాలుగు రెట్లు. లెవెల్ 22లో విండో 128 ఎంబీ కాబట్టి ముక్క 512 ఎంబీ. 300 ఎంబీ ఫైలు ఇచ్చి పదహారు కోర్లు వాడమంటే ఒక్క కోరే చెమటోడుస్తుంది, మిగతా పదిహేను చోద్యం చూస్తాయి. నేను దీన్ని బగ్ అనుకుని వెర్షన్లు మార్చి మార్చి చూశాను.

చిన్న సందేశాలకి డిక్షనరీ వేరే లోకం. అర కేబీ జేసన్ (ప్రోగ్రాములు డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) సందేశాలు లక్షల్లో ఉంటే, విడివిడిగా కుదిస్తే పెద్దగా తగ్గవు. వెనక్కి చూడటానికి వెనక ఏమీ ఉండదు కదా. కొన్ని వేల నమూనాలిచ్చి ట్రెయిన్ చేయిస్తే, వాటిలో తరచూ వచ్చే ముక్కలతో, మామూలుగా 110 కేబీ లోపు డిక్షనరీ ఒకటి తయారవుతుంది. దాంతో మొదటి బైటు నుంచే పోలికలు దొరుకుతాయి. లాభం పెద్దదే, బాధ్యతా పెద్దదే. ఏ డిక్షనరీతో కుదించామో అదే ఉంటే తప్ప విప్పలేం. సందేశాల ఆకారం మారినప్పుడల్లా కొత్తది ట్రెయిన్ చేస్తాను, పాతది ఒక్కటీ తీసేయను. వాటిని కుదింపు ఫైళ్లతో పాటు రెండు వేర్వేరు చోట్ల దాస్తాను.

చిరాకులు కొన్ని ఉన్నాయి. జీజిప్ పని అయ్యాక అసలు ఫైలుని తీసేస్తుంది, ఇది ఉంచేస్తుంది. నిజానికి ఇదే క్షేమం. కానీ పాత అలవాటుతో స్క్రిప్టు రాసినందుకు డిస్కు నిండిపోయింది. అడాప్ట్ అనే ఆప్షన్ నెట్‌వర్క్ వేగాన్ని బట్టి లెవెల్ తనే మార్చుకుంటుంది. వినడానికి బాగుంది గానీ ఎక్కువ థ్రెడ్లతో కలిపితే నెమ్మదైన లెవెల్లో ఇరుక్కుపోవచ్చని దాని మాన్యువల్లోనే రాశారు. నేను మానేశాను. ఇంకొకటి, వెర్షన్ మారితే అదే లెవెల్‌లో అదే ఫైలు కుదించినా వచ్చే బైట్లు వేరుగా ఉండొచ్చు. కుదించిన ఫైళ్ల హాష్‌లు (ఫైలులోని బైట్లని బట్టి వచ్చే వేలిముద్రలు) పోల్చే నా స్క్రిప్టు ఒక అప్‌డేట్ తర్వాత అన్నీ మారిపోయాయని గగ్గోలు పెట్టింది. ఇప్పుడు కుదించక ముందు ఫైలు హాష్ తీస్తున్నాను.

ఎక్స్‌జెడ్‌ని పూర్తిగా వదల్లేదు. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని, ప్రతి ఎంబీ లెక్కే అనుకునే పాత టెక్స్ట్ ఆర్కైవ్‌లకి అదే వాడుతున్నాను. సైజులో ఇప్పటికీ చాలాసార్లు అదే గెలుస్తుంది.

రోజువారీకి ఇప్పుడు లెవెల్ 6, లాంగ్ 27. నెల చివరి కాపీకి 19, అదీ ఆదివారం రాత్రి. ప్రతి నెలా మొదటి శనివారం ఒక బ్యాకప్‌ని ఆ 2 జీబీ ల్యాప్‌టాప్‌లోనే విప్పి చూస్తాను. దాన్ని అమ్మేద్దామని ఇంట్లో రెండుసార్లు అడిగారు, ఇవ్వలేదు.