బీగిల్ పిల్లను ఇచ్చే ముందు మమ్మల్నే ప్రశ్నలు అడిగిన పెంపకశాల

హైదరాబాద్ శివారులో ఒక కుటుంబం ఇంటి ఆవరణలోనే నడుపుతున్న చిన్న పెంపకశాల నుంచి మేము బీగిల్ పిల్లను తెచ్చుకున్నాము. పిల్లలున్న ఇంటికి ఈ జాతి కుక్కను తేవాలనుకునేవారికి అక్కడి పద్ధతి తెలియడం అవసరమనిపించి ఈ సమీక్ష రాస్తున్నాను.

కుక్కపిల్లలను వేరుగా బయటికి తెచ్చి చూపించకుండా, వారు మమ్మల్ని తల్లి ఉన్న గదిలోకే తీసుకువెళ్లారు. పాలు తాగే పిల్లలున్న తల్లి, కొత్తవారు వచ్చినా బెదరకుండా దగ్గరికి వచ్చి చేతులు వాసన చూసిందంటే, ఆ ఈతలోని పిల్లల స్వభావంపై చాలావరకు నమ్మకం పెట్టుకోవచ్చు. తల్లిని చూపించడానికి సాకులు చెప్పే చోట పిల్లను కొనకూడదని నా గట్టి అభిప్రాయం. మేము మెచ్చిన పిల్లకు అప్పటికి ఆరు వారాలే నిండాయి. పూర్తి సొమ్ము ఇస్తామన్నా, ఎనిమిది వారాలు నిండేవరకు వారు ఇవ్వలేదు. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు కూడా అంతకంటే చిన్న కుక్కపిల్లలను అమ్మకూడదనే చెబుతున్నాయి. కరిస్తే ఎదుటి ప్రాణికి నొప్పి కలుగుతుందని పిల్ల తన తోబుట్టువులతో ఆడుతూ నేర్చుకునేది ఆ వారాల్లోనే కనుక, పిల్లలున్న ఇంటికి ఈ నియమం మరీ ముఖ్యం.

పగలు ఇంట్లో ఎవరుంటారు, ప్రహరీ ఎంత ఎత్తుంది, గేటు కింద ఎంత సందుంది, పక్కింటివారు అరుపులు సహిస్తారా అని వారు మమ్మల్ని ఓపికగా అడిగారు. బీగిల్ ఇంగ్లండ్‌లో కుందేళ్ల వేటకు గుంపులుగా పెంచిన జాతి. అందుకే అది ఒంటరితనాన్ని భరించలేదు, ఊళను పోలిన దాని అరుపు అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లకు వినిపిస్తుంది, ముక్కు నేలకు ఆనించి వాసన పట్టుకున్నాక పేరు పెట్టి పిలిచినా వెనుదిరగదు. బయటికి తీసుకువెళ్లినప్పుడు పట్టీ విప్పవద్దని వారు చేసిన హెచ్చరికను మేము అక్షరాలా పాటిస్తున్నాము. అందరికంటే ముందు దూకి వచ్చిన పిల్లను మా అబ్బాయి ముచ్చటపడినా, మా ఇంటికి కొంత నెమ్మదైన మరో పిల్ల నప్పుతుందని వారే సూచించారు. ఆ సూచన సరైనదని ఇప్పుడు నిస్సందేహంగా చెప్పగలను.

టీకాల కార్డు, నులిపురుగుల మందు వేసిన తేదీలు సక్రమంగా ఉన్నాయి. జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రం మాత్రం పలుమార్లు గుర్తుచేస్తే తప్ప చేతికి రాలేదు. వారిచ్చిన ఆహార పట్టిక కూడా నాకు నచ్చలేదు. అందులోని కొలతలు ఎక్కువని మా పశువైద్యురాలు చూడగానే తగ్గించారు. ఎంత పెట్టినా ఇంకా కావాలని చూడటం బీగిల్ స్వభావం కనుక, ఆ చూపులకు కరిగితే త్వరలోనే ఊబకాయం వస్తుంది, నడుముపై భారం పడుతుంది. పక్కటెముకలు కంటికి కనిపించకపోయినా చేతికి తగలాలన్నది మంచి కొలత. మన వంటింట్లో మరో ప్రమాదం ఉంది: పండుగ నాటి పరమాన్నంలోని ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలదు, ఉల్లిపాయ రక్తకణాలకు హాని చేస్తుంది. పిల్లల చేతిలోని గిన్నె కుక్కకు అందకుండా చూసుకోవలసింది పెద్దలే.

వేలాడే చెవుల్లోకి గాలి సరిగా ఆడదు కనుక, వానాకాలంలో వాటిని తరచూ పరీక్షించాలి. దుర్వాసన వచ్చినా, కుక్క పదేపదే తల విదిలించినా వైద్యుడికి చూపించాలి. ఈ విషయాన్ని పెంపకశాలవారు చెవి మడత తిప్పి మరీ చూపించారు. మన వాతావరణంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరం ప్రాణాంతకం కావచ్చు కాబట్టి, నివారణ మందు ఏడాది పొడవునా తప్పనిసరి. పొట్టి వెంట్రుకలే అయినా అవి ఇంటి నిండా రాలుతాయి. వారానికి రెండు మూడుసార్లు దువ్వితే కొంత అదుపులో ఉంటాయి.

నగరంలో మేము విచారించిన ఇతర చోట్ల కంటే ఇక్కడ ధర ఎక్కువే. ఏడాదికి ఒక ఈతకు మించి వేయించరు కనుక, పేరు రాయించుకున్నాక నెలల తరబడి వేచి ఉండవలసి రావచ్చు. పగలంతా ఇంటికి తాళం వేసి వెళ్లే కుటుంబానికైతే, ఎంత వేచి ఉన్నా వీరు పిల్లను ఇవ్వరు.