పర్మిట్ పార్కింగా, ఇప్పుడున్నట్టే వదిలేయడమా?

మిట్టమధ్యాహ్నం నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని, రెండు వీధుల అవతల పెట్టిన కారు దగ్గర్నుంచి ఇంటిదాకా నడవడం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. వీధిలో బండి పెట్టుకోవడానికి ఆ వీధి ఇళ్లవాళ్లకే అనుమతి ఇచ్చే పర్మిట్ కావాలనేవాళ్ల బాధ అదే. స్టేషన్‌కో ఆఫీసుకో వెళ్లేవాళ్లు పొద్దున్నే బండి పెడితే సాయంత్రం దాకా తీయరు. పర్మిట్ వస్తే ఆ రద్దీ తగ్గుతుంది. అమెరికాలో ఆర్లింగ్టన్ కౌంటీ పెట్టిన ఇలాంటి నిబంధన మీద కేసు నడిస్తే, 1977లో అక్కడి సుప్రీంకోర్టు అది చెల్లుతుందనే చెప్పింది.

అయితే పర్మిట్ ఉంటే ఇంటి ముందు చోటు మనదైపోదు. వెతుక్కునే హక్కు మాత్రమే వస్తుంది. 40 బండ్లు పట్టే వీధిలో ఇళ్లవాళ్లవే 60 ఉంటే, పర్మిట్ ఉన్నా చక్కర్లు కొట్టాల్సిందే. పైగా ఫీజు, రెన్యువల్, చుట్టాలొస్తే విజిటర్ పాస్. మంచాన పడ్డ అమ్మను చూసుకోవడానికి రోజూ వచ్చే మనిషి బండి ఎక్కడ పెట్టుకోవాలి? నాకు అన్నిటికన్నా ఈ ప్రశ్నే పెద్దది.

ఇలాగే వదిలేస్తే ఖర్చు లేదు, టెన్షన్ లేదు. కానీ పక్క వీధికి పర్మిట్ వచ్చిందంటే అక్కడి బండ్లు మన వీధిలోకే వస్తాయి.

నేను పర్మిట్ వైపే. కాకపోతే ముందు పగలు ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి బండ్లు లెక్కపెట్టాలి. రాత్రి కూడా వీధి నిండితే ఆ బండ్లు మనవే, పర్మిట్‌తో పని జరగదు. పగలే నిండితే పగటి గంటలకే పర్మిట్ పెట్టి, రోగుల్ని చూసుకునేవాళ్లకు పాస్ ఉచితంగా ఇవ్వాలి.