మూడంతస్తుల ఫెర్రెట్ పంజరం: విశాఖ ఉప్పుగాలిలో తొమ్మిది నెలల వాడకం

గత ఆగస్టులో మా అక్క కొడుకు ఉద్యోగరీత్యా విదేశానికి వెళ్తూ, తాను రెండేళ్లుగా పెంచుకుంటున్న ఆడ ఫెర్రెట్‌ను (ముంగిసలా కనిపించే చిన్న పెంపుడు జంతువు) ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాట్‌లో వదిలి వెళ్లాడు. ఒంటి రంగును బట్టి దానికి వాడు పెట్టిన పేరు బెల్లం. దానికోసం ఆన్‌లైన్‌లో 14,500 రూపాయలకు కొన్న మూడంతస్తుల ఇనుప పంజరం గురించి, ఒక వానాకాలం, ఒక చలికాలం, సగానికి పైగా వేసవి గడిచాక ఇప్పుడు రాస్తున్నాను. ఇదే నమూనా నాలుగైదు పేర్లతో అమ్ముడవుతోంది కాబట్టి కంపెనీ పేరు కంటే కడ్డీల మధ్య ఖాళీ, పూత, తలుపుల తీరు చెప్పడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

అమ్మకపు పేజీలో దీనిని కుందేలుకూ, ఉడుతకూ, ఫెర్రెట్‌కూ, చివరికి ముంగిసకూ పనికివచ్చే పంజరమని రాశారు. ముంగిసను ఇంట్లో బంధించి పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. ఆ మాట అమ్మేవారికి తెలియకపోవడం ఆశ్చర్యమే. ఫెర్రెట్ చూడడానికి ముంగిసలా ఉన్నా ఆ జాతికి చెందినది కాదు, నీటికుక్కల కుటుంబానికి చెందినది. కుందేళ్ల వేటకోసం ఐరోపాలో రెండు వేల ఏళ్లకు పైగా మనుషులు మచ్చిక చేసుకుంటూ వచ్చిన పెంపుడు జంతువు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు ఈ తేడా వివరించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

పంజరం నాలుగున్నర అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు. బిగించడం సులువే, ఇద్దరు మనుషులకు గంటన్నర పని. కడ్డీల మధ్య ఖాళీ రెండు సెంటీమీటర్లే ఉండటం చూసి మొదట సంతోషించాను, ఎందుకంటే ఫెర్రెట్ తల పట్టిన సందులోంచి ఒళ్లంతా పడుతుంది, ఆడవి ఒక కిలో బరువు కూడా ఉండవు. అయితే కొలవవలసింది కడ్డీల మధ్య మాత్రమే కాదని మొదటి రాత్రే తెలిసింది. పై అరకూ కింది అరకూ మధ్య, రెండు పలకలు కలిసే మూలలో, నాలుగు సెంటీమీటర్ల ఖాళీని అలాగే వదిలేశారు. తెల్లవారి చూస్తే పంజరం తలుపులు వేసినవి వేసినట్టే ఉన్నాయి, బెల్లం లేదు. రెండు గంటలు వెతికాక సోఫా అడుగు గుడ్డను చింపుకొని లోపల స్ప్రింగుల మధ్య నిద్రపోతూ కనిపించింది. మడత కుర్చీలూ, వెనక్కి వాలే సోఫాలూ ఉన్న ఇళ్లలో ఫెర్రెట్లు నలిగి చనిపోవడం కొత్త విషయం కాదు కాబట్టి దీనిని చిన్న లోపమని నేను సరిపెట్టుకోలేను. ఆ మూలలను ఇప్పుడు తీగతో కుట్టి ఉంచాను.

గొళ్లేల విషయమూ అంతే. పైకెత్తి పక్కకు జరిపే ఈ రకం గొళ్లెం కుందేలును ఆపుతుంది, ఫెర్రెట్‌ను ఆపదు. మూడో రోజుకల్లా అది ముక్కుతో గొళ్లెం ఎత్తడం నేర్చుకుంది. నేను బట్టల క్లిప్పులు పెట్టాను. క్లిప్పులను పీకి లోపలికి లాక్కొని గుడ్డల కింద దాచుకుంది. లాటిన్ శాస్త్రనామంలోని ‘ఫ్యూరో’ అన్న ముక్కకు మూలం దొంగ అనే మాటేనట. పేరు పెట్టినవారు దీనితో కొంతకాలం కాపురం చేసే ఉంటారు. చివరికి తాడు కట్టే చోట వాడే స్టీలు కొక్కేలు తగిలించాక గాని సమస్య తీరలేదు.

ఇక ఈ సమీక్షకు ముఖ్యమైన విషయం తుప్పు. మా ఇంటికి సముద్రం కిలోమీటరు లోపే. ఉప్పుగాలికి కిటికీ ఊచలు, ఫ్యాను రెక్కలు, గ్యాస్ స్టౌ కాళ్లు ఏమవుతాయో విశాఖలో ఎవరికీ చెప్పనక్కర లేదు. ‘తుప్పు పట్టదు’ అన్న హామీతో వచ్చిన ఈ పంజరానికి నవంబరు నెలాఖరుకే అతుకుల దగ్గర నల్ల పూత బుడగలుగా లేచింది. గోరుతో గీకితే కింద జింకు పూత తెల్లగా మెరిసింది, దాని కింద ఎర్రటి తుప్పు. కడ్డీలను నాకడం, కొరకడం ఫెర్రెట్లకు అలవాటు. పొరలుగా ఊడే జింకు కడుపులోకి పోతే వాటికి అది విషమే. జింకు పూత వేసిన గిన్నెల్లో తిండి పెట్టడం కూడా అందుకే వద్దంటారు. కంపెనీవారికి ఫొటోలు పంపితే, పంజరాన్ని తడిబట్టతో తుడవవద్దని సమాధానం వచ్చింది. రోజుకు ఆరేడుసార్లు మలవిసర్జన చేసే జంతువు ఉండే చోటును తడిబట్ట తాకకుండా శుభ్రం చేయడం ఎలాగో ఆ ఉత్తరంలో లేదు.

నేలభాగం పూర్తిగా జాలీ. కుందేలు పెంటికలు కిందికి రాలడానికి జాలీ ఉపయోగపడవచ్చుగాని ఫెర్రెట్ వేళ్లు, గోళ్లు అందులో చిక్కుకుంటాయి. మెట్లుగా ఇచ్చిన వాలు పలకలూ అలాంటివే. అన్నింటిమీదా వినైల్ షీటు కత్తిరించి పరచవలసి వచ్చింది. పై అరలు సగం వెడల్పుకే ఉండటంతో మూడో అంతస్తు నుంచి నేరుగా కిందికి పడే ప్రమాదం ఉంది. ఎత్తును అంచనా వేయడంలో వీటికి నేర్పు తక్కువ. పాత నేత చీరతో ఉయ్యాల కుట్టి ఆ ఖాళీకి అడ్డంగా కట్టాను. ఇప్పుడు రోజులో పద్నాలుగు గంటలకు పైగా అది నిద్రపోయేది అందులోనే. మిగిలిన చీర ముక్క పంజరానికి తెరగా పనికివచ్చింది, ఎందుకంటే నాలుగువైపులా తెరిచి ఉన్న పంజరంలో నిద్రకు కావలసిన చీకటి దొరకదు.

మలం కోసం ఇచ్చిన ప్లాస్టిక్ ట్రే అంచు నాలుగు సెంటీమీటర్లే. ఫెర్రెట్ మూలకు వెనక్కి నడిచి, తోక ఎత్తి పని కానిస్తుంది కనుక సగం మలం ట్రేకు బయటే పడుతుంది. దీనితో ఉచితంగా వచ్చిన సెడార్ చెక్కపొట్టు పొట్లాన్ని విప్పకుండానే పారవేశాను. ఆ వాసన నూనెలు వీటి ఊపిరితిత్తులకు మంచివి కావు. దినపత్రికలు చింపి పరిస్తే సరిపోతోంది. నీళ్ల సీసా రెండో వారం నుంచే కారింది. దాని స్థానంలో అత్తగారి కాలంనాటి రాతిచిప్ప పెట్టాను. పులుసు కాచిన చిప్పను జంతువుకు పెట్టడమేమిటని ఇంట్లో కొంత గొడవ జరిగిందిగాని, ఎంత ఎగిరి దూకినా తిరగబడని పాత్ర ఇంట్లో అదొక్కటే.

కాళ్లకు చక్రాలున్నాయి, బాగా తిరుగుతాయి. అయినా వాటిని ఊడదీశాను. ఫెర్రెట్ పూర్తి మాంసాహారి. తిన్నది మూడు నాలుగు గంటల్లో జీర్ణమై బయటికి వస్తుంది కాబట్టి రోజంతా కొద్దికొద్దిగా తింటూ, మిగిలిన కోడిమాంసం ముక్కలను ఉయ్యాల మడతల్లో దాస్తుంది. మన ఉక్కపోతలో అది రెండు గంటల్లో పాడవుతుంది, అంతకంటే ముందే చీమలు వస్తాయి. చీమలు ఎక్కకుండా, పూర్వం పాల బీరువా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టినట్టే, చక్రాలు తీసిన ఈ పంజరం కాళ్ల కిందా పెట్టాను.

సూచనల పుస్తకంలో, మంచి గాలి తగిలేలా పంజరాన్ని బాల్కనీలో ఉంచమని ఉంది. ఆ వాక్యాన్ని విశాఖవాసులు ఎవరూ పాటించకూడదు. ఫెర్రెట్‌కు చెమట పట్టి ఒళ్లు చల్లబడే ఏర్పాటు లేదు. 27 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది, 30 దాటితే వడదెబ్బకు ప్రాణం పోవచ్చు. మే నెలలో మనకు రాత్రులు కూడా 28కి తగ్గని రోజులు మామూలే. పంజరం మా పడకగదిలో, ఏసీ గాలి నేరుగా తగలని గోడ పక్కన ఉంది. కరెంటు పోతే ఇన్వర్టరు ఫ్యానునే తిప్పుతుంది. వేడిగాలిని తిప్పే ఫ్యాను దానికి పనిచేయదు. అందుకే ఫ్రీజర్‌లో నాలుగు నీళ్ల సీసాలు ఎప్పుడూ గడ్డకట్టి ఉంటాయి, వాటిని తువ్వాలులో చుట్టి కింది అరలో పెడతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటిలా రోజుల తరబడి కరెంటు లేకపోతే ఆ సీసాలు చాలవని నాకు తెలుసు. అలాంటి హెచ్చరిక వస్తే ముందే జనరేటర్ ఉన్న బంధువుల ఇంటికి తరలించాలి, అప్పుడు ఈ పంజరం లిఫ్టులో పట్టదు.

శుభ్రం చేసేటప్పుడు జలుబు ఉంటే మాస్కు పెట్టుకుంటాను. మనుషుల ఫ్లూ వీటికి సోకుతుంది, వీటినుంచి మనకూ వస్తుంది. 1933లో లండన్ శాస్త్రవేత్తలు మనిషి ఫ్లూ వైరస్‌ను పట్టుకోగలిగింది ఫెర్రెట్ల సాయంతోనే. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకితే ఇవి దాదాపు బతకవు కనుక వీధికుక్కలు తిరిగే మెట్లమీద తొక్కిన చెప్పులను పంజరం ఉన్న గదిలోకి రానివ్వను.

అయిదుకు రెండున్నర మార్కులిస్తాను. స్థలం, ఎత్తు, పెద్ద తలుపు బాగున్నాయి గనుక ఆ మాత్రమైనా. తుప్పు పట్టిన జాలీ స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వేయడానికి కంచరపాలెంలోని ఒక వెల్డింగ్ షాపులో 3,800 రూపాయలు అడిగారు, వచ్చే వారం వేయిస్తున్నాను. పగిలిన ట్రేకు బదులుగా కంపెనీవారు పదకొండు వారాల తర్వాత కొత్తది పంపారు, దయతో. అది ఒక సెంటీమీటరు పెద్దది కావడంతో పంజరంలో పట్టలేదు. డాబామీద గుమ్మడి వడియాలు ఎండబెట్టడానికి వాడుతున్నాను.