బెంగళూరులో పిల్లల్ని జిమ్నాస్టిక్స్‌కి పంపే తల్లిదండ్రులకి: ఆ 12 వారాల 'స్ట్రెంత్' ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మా పాపకి పదకొండేళ్లు. ఆరో ఏట నుంచి జిమ్నాస్టిక్స్ చేస్తోంది. ఇప్పుడు ఏడు వారాలుగా మ్యాట్ మీద కాలు పెట్టలేదు. నడుము దగ్గర ఐదో వెన్నుపూస వెనకభాగంలో ఒత్తిడికి ఎముక దెబ్బతిందని ఎంఆర్ఐలో తేలింది. ఎక్కడా కింద పడలేదు, ఎవరూ తోసెయ్యలేదు. బలం పెంచుతామని మా చేత 42,000 రూపాయలు కట్టించుకున్న చోట, ఆరు వారాల పాటు రోజుకింత చొప్పున పడిన భారం అది. కారణం ఇదొక్కటేనని తేల్చి చెప్పలేనని డాక్టరుగారు అన్నారు, అది కూడా దాచకుండా రాస్తున్నాను. కానీ ఆ ఆరు వారాల్లో ఏమేం చేయించారో చెబితే ఆయన పెన్ను పక్కన పెట్టేసి విన్నారు.

ఆ సెంటర్ ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఉంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఏం చెప్పి అమ్మారో, లోపల ఏం చేయించారో ఉన్నదున్నట్టు రాస్తాను. ఇలాంటిది ఎక్కడ కనిపించినా మీరు పోల్చుకోవచ్చు.

పిల్లలకి బలం పెంచే వ్యాయామాలే వద్దని నేను అనడం లేదు. బరువులెత్తితే పిల్లలు పొడుగవ్వరని మా అత్తగారు మొదట్లో భయపడ్డారు. ఆ భయానికి ఆధారం లేదని, దగ్గరుండి సరిగ్గా చేయిస్తే మంచిదేనని పిల్లల డాక్టర్లు ఎప్పట్నుంచో చెబుతున్నారు. జిమ్నాస్టులకైతే అది తప్పనిసరి కూడా. వాల్ట్ (పరుగెత్తుకొచ్చి చేతులు ఆనించి గాల్లోకి ఎగిరే ఎత్తైన బల్ల) మీంచి దిగినప్పుడు ఆ చిన్న కాళ్ల మీద ఒంటి బరువుకి ఎన్నో రెట్లు భారం పడుతుంది. దాన్ని తట్టుకునే కండ ముందు ఉండాలి. మా పాప కోచ్ మేడమ్ కూడా, ఆవిడ వేరే చోట నేర్పిస్తారు, "బార్స్ (పట్టుకుని ఊగే కడ్డీలు) మీద భుజాల్లో బలం చాలడం లేదు, కండిషనింగ్ (ఆటకి ఒంట్లో బలం పెంచే వ్యాయామాలు) పెంచుదాం" అన్నారు. ఆ మాట సరైనదే. దానికోసం మేం వెళ్లిన చోటే తప్పు.

ట్రయల్ రోజున లోపలికి అడుగు పెట్టగానే గోడ నిండా దీపా కర్మాకర్ బొమ్మ. 2016 రియో ఒలింపిక్స్‌లో వాల్ట్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న అమ్మాయి. మా ఇంట్లో అందరూ అభిమానించే జిమ్నాస్టుల్లో ఆమె ఒకరు, మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి ఇంకొకరు. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో అరుణ వాల్ట్‌లో కాంస్యం గెలిచినప్పటి పేపర్ కటింగ్ మా మామయ్యగారు దాచారు. ఇప్పుడది పాప చదువుకునే బల్ల ముందు గోడకి ఉంది. అలాంటి వాళ్లం ఆ బొమ్మ చూసే సగం ఒప్పేసుకున్నాం.

మిగతా సగం హెడ్ ట్రైనర్ మాటలకి. తెలుగు బాగా వచ్చు. మాది అనంతపురం అంటే "అయితే మనవాళ్లే" అన్నాడు. "పదకొండు దాటితే ఇంక లేటండీ, ఏం చేసినా ఈ ఏడాదే చేయాలి" అన్నాడు. అది నిజం కాదని తర్వాత తెలిసింది. ఆడపిల్లలు సీనియర్ అంతర్జాతీయ పోటీల్లోకి దిగాలంటే ఆ ఏడాదిలో పదహారు నిండాలి, 1997 నుంచీ అదే నియమం. అంటే మా పాపకి ఇంకా ఐదేళ్లు ఉంది. ఆ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే నేను తొందరపడేదాన్ని కాదు.

ఒక్కొక్కరికీ వేరే ప్లాన్ అన్నారు. చేరే ముందు ఫిజియో పరీక్ష ఉంటుందన్నారు. పాటియాలాలోని జాతీయ క్రీడా శిక్షణ సంస్థ ఎన్ఐఎస్‌లో డిప్లొమా చేసిన కోచ్ చూసుకుంటారన్నారు. అన్నీ నోటి మాటలే. రసీదులో మాత్రం '12 వారాల కండిషనింగ్' అని ఒకటే ముక్క, అడుగున చిన్న అక్షరాల్లో డబ్బు వాపసు ఇవ్వబడదు అని. ఫిజియో పరీక్ష జరగనే లేదు. ఎన్ఐఎస్ కోచ్ ఎవరో ఆరు వారాల్లో ఒక్కసారీ కనిపించలేదు. రోజూ చేయించినతని సర్టిఫికెట్ గట్టిగా అడిగాక పంపారు. పెద్దవాళ్ల గ్రూప్ ఫిట్‌నెస్ మీద రెండు రోజుల వర్క్‌షాప్ అది.

ప్లాన్ మాత్రం వచ్చింది. మూడో రోజున వాట్సాప్‌లో పీడీఎఫ్. పైన మా పాప పేరు పెద్ద అక్షరాల్లో. రెండో పేజీ తిప్పితే 'ప్రస్తుత బరువు 62 కిలోలు, లక్ష్యం ఫ్యాట్ లాస్' అని, అంటే కొవ్వు తగ్గించడమని ఉంది. మా పాప 31 కిలోలు. ఫోన్ చేస్తే టైపింగ్ పొరపాటన్నారు, నేను నమ్మాను. తర్వాత ఇంకో ఇద్దరు తల్లులతో మాట్లాడితే ఎనిమిదేళ్ల పాపకీ పద్నాలుగేళ్ల బాబుకీ అదే కాగితం వచ్చింది, అదే 62 కిలోలతో సహా. పేరు ఒక్కటే మార్చారు.

వారానికి ఆరు రోజులు, రోజుకి గంటన్నర. ఇది మామూలు జిమ్నాస్టిక్స్ క్లాసులకి అదనం. తల్లిదండ్రులు లోపలికి రాకూడదు, పిల్లల దృష్టి మళ్లుతుందట. అద్దాల తలుపుకి లోపలి నుంచి కాగితం అంటించి ఉంటుంది. ఒకరోజు పాప నీళ్ల సీసా కారులో మర్చిపోతే ఇవ్వడానికి వెళ్లాను, తలుపు తీసి ఉంది. పన్నెండు మంది పిల్లలు, ఒక్క ట్రైనర్, చెవులు చిల్లులు పడేలా పాటలు, గోడ మీద టైమర్. సిమెంటు నేల మీద పల్చటి రబ్బరు షీటు. పెట్టె మీంచి దూకడం, దూకగానే బర్పీలు (కిందికి వంగి, కాళ్లు వెనక్కి చాపి, మళ్లీ లేచి ఎగరడం), అవి అవగానే బ్రిడ్జ్. మా పాప అప్పుడు బ్రిడ్జ్‌లో ఉంది, చేతులూ పాదాలూ నేలకి ఆనించి, నడుము విల్లులా పైకెత్తి. మోచేతులు వణుకుతున్నాయి. ఇంకా లోతుగా వంగాలని ఓ పెద్ద కుర్రాడు భుజాలు పట్టుకుని తనవైపు లాగుతున్నాడు. టైమర్‌లో ఇంకా 40 సెకన్లు ఉన్నాయి. నేను సీసా పట్టుకుని ఆ 40 సెకన్లూ నిలబడి చూశాను. ఆపమని అనలేదు. అది తలుచుకోని రోజు లేదు.

అందులో తప్పేమిటో డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. పొట్ట కండరాలు అలసిపోతే నడుముని పట్టి ఉంచలేవు. అప్పుడు వెనక్కి వంగినా, దూకి దిగినా ఆ భారమంతా వెన్నుపూస వెనక ఉండే సన్నటి ఎముక మీదకి పోతుంది. ప్రతిసారీ అదే చోట. పెరిగే పిల్లల్లో ఆ ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. జిమ్నాస్టులకీ, క్రికెట్లో ఫాస్ట్ బౌలర్లకీ ఈ దెబ్బ తగలడం అందుకేనట. వెనక్కి వంగే వ్యాయామం చేయించాలంటే పిల్ల తాజాగా ఉన్నప్పుడు చేయించాలి. వీళ్లేమో అలిసి చతికిలబడ్డాక చేయించారు, రోజూ.

ఇంకోటి చెప్పాలి, ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. రోజూ క్లాసుకి ముందు పిల్లల్ని వరసలో నిలబెట్టి బరువు చూసి, పేరు పక్కన తెల్లబోర్డు మీద రాసేవారు. ఇంట్లో ఒక రాత్రి కంచం ముందు కూర్చుని "పెరుగన్నం వద్దమ్మా, రేపు బోర్డు మీద రాస్తారు" అంది. నాకు మింగుడు పడలేదు. పదకొండేళ్ల పిల్ల!

రోజూ బరువు చూసినవాళ్లు ఎత్తు ఒక్కసారి కూడా కొలవలేదు. మా వంటింటి తలుపు చట్రం మీద పండగ పండగకీ పెన్సిల్ గీత గీస్తాం. దసరా గీతకీ సంక్రాంతి గీతకీ మధ్య మూడు సెంటీమీటర్లు ఉంది. ఆడపిల్లలు పన్నెండేళ్ల ప్రాంతంలో అన్నిటికంటే వేగంగా పొడుగవుతారు. ఎముక ముందు సాగుతుంది, కండరాలు వెనక నుంచి అందుకోవాలి. మడమల్లో, మోకాలి చిప్ప కింద నొప్పులు వచ్చేది ఆ రోజుల్లోనే. ఆ నెలల్లో దూకే వ్యాయామాలు తగ్గించి, నిద్రా తిండీ పెంచాలి. శ్రమకి తగ్గ తిండి అందకపోతే ఎముకలు, నెలసరి, ఎదుగుదల అన్నీ దెబ్బతింటాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే రెడ్-ఎస్ అని పేరు పెట్టి మరీ హెచ్చరించింది. పిల్లల ట్రైనింగ్ సెంటర్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లకి ఇది తెలియకపోతే ఎలా?

నాలుగో వారంలో నడుము నొప్పంది. ట్రైనర్ని అడిగితే "నొప్పి వస్తోందంటే బలం వస్తున్నట్టే" అన్నాడు. కండరాల నొప్పేమో అనుకుని నేనూ వేడినీళ్ల కాపడం పెట్టి ఊరుకున్నాను.

రోజూ బడికి పంపే ముందు పీట మీద కూర్చోబెట్టి రెండు జడలు వేస్తాను. చిన్నప్పటి నుంచీ దానికో అలవాటు, రెండో రిబ్బను ముడి పడగానే తల వెనక్కి వాల్చి నన్ను తలకిందులుగా చూసి నవ్వుతుంది. ఆ సోమవారం ముడి వేశాను. తల వాల్చలేదు. "ఏమైందమ్మా" అంటే రెండు చేతులతో పీట అంచు పట్టుకుని, ఒళ్లంతా కలిపి నా వైపు తిరిగింది. "వెనక్కి వంగితే గుచ్చుతోంది. సార్‌కి చెప్పకమ్మా, పోటీకి పంపరు" అంది.

ఆ రోజు బడి మాన్పించి స్పోర్ట్స్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగమన్నారు. కుడి కాలి మీద నిలబడి వంగగానే కళ్లలో నీళ్లు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఈ దెబ్బ మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చని చెప్పి ఆయనే ఎంఆర్ఐ రాశారు. అందులో బయటపడింది. ఎముకలో పగులు గీత పడకముందే వచ్చాం కాబట్టి పూర్తిగా మానే అవకాశం బాగా ఉందన్నారు. మూడు నెలలు దూకడం, వెనక్కి వంగడం బంద్. మీ పిల్లలకి వెనక్కి వంగినప్పుడు నడుములో నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగుందని మాత్రం ఊరుకోకండి.

ఇప్పుడు చూసుకుంటున్న ఫిజియో అమ్మాయి దగ్గర అసలు కండిషనింగ్ ఎలా ఉంటుందో కళ్లారా చూస్తున్నాను. మొదటి రోజు ఒక్క వ్యాయామం కూడా చేయించలేదు. నడిపించి, కూర్చోబెట్టి, ఒంటికాలి మీద నిలబెట్టి ముప్పావుగంట చూసి రాసుకుంది. వారానికి రెండు రోజులు, సోమ, గురువారాలు. వెల్లకిలా పడుకుని నడుము నేలకి ఆనించి ఒక చేయి, ఎదురు కాలు నెమ్మదిగా చాపడం, ఎనిమిది సార్లు, రెండు విడతలు. ఆరోసారికి నడుము నేల మీంచి లేచిందంటే ఆరుతోనే ఆపేస్తుంది. టైమర్ లేదు, అరుపులు లేవు. నన్ను పక్కనే కూర్చోమంటుంది. ఎత్తు నెలకోసారి, నిద్ర, నొప్పి రోజూ ఒక నోట్‌బుక్కులో రాయిస్తుంది. అమెరికాలోని స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ సంఘం 2009లో పిల్లలకోసం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా దాదాపు ఇదే చెబుతాయి, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో విరామం, ఆరు నుంచి పదిహేను సార్లు, ఒకటి నుంచి మూడు విడతలు, బరువు పెంచే ముందు పద్ధతి కుదరాలి. ఆరు రోజులూ పిల్లని పిండేయమని ఎక్కడా లేదు.

డబ్బు సంగతి. మిగిలిన ఆరు వారాలకి 21,000 వెనక్కి ఇమ్మని ఎంఆర్ఐ రిపోర్టుతో సహా మెయిల్ పెట్టాను. ప్యాకేజీని పాప తమ్ముడి పేరు మీదకి మార్చుకోండి అని జవాబు. వాడికి ఆరేళ్లు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అయినా కదలలేదు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఆన్‌లైన్‌లో కాగితాలు సిద్ధం చేస్తున్నాను. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు, లాయర్ ఉండితీరాలని లేదు, రెండేళ్ల లోపు వేసుకోవచ్చు. నాకు ఇప్పుడు పనికొస్తున్నవి రసీదు, ఆ 62 కిలోల పీడీఎఫ్, వాట్సాప్ మాటలు. నోటి మాటలేవీ పనికిరావడం లేదు. కాబట్టి ఎక్కడ చేర్చినా వాళ్లిచ్చే హామీలు మెసేజ్‌లో రాయించుకోండి. చేయించే మనిషి సర్టిఫికెట్ డబ్బు కట్టకముందే అడగండి. పన్నెండు వారాలకి ఒకేసారి కట్టకండి, నెలకి నెల ఇస్తామనండి. ఒక క్లాసు మొత్తం లోపల కూర్చుని చూడనివ్వకపోతే మాత్రం ఇంకేమీ అడగక్కర్లేదు, పిల్లని తీసుకుని వచ్చేయండి.

నిన్న ఆ సెంటర్ నుంచి మళ్లీ మెసేజ్ వచ్చింది. ఒకటో తారీఖు నుంచి సమ్మర్ స్పెషల్ బ్యాచ్, ముందుగా కట్టినవాళ్లకి తగ్గింపు అని. అందుకే ఇవాళ కూర్చుని ఇదంతా రాశాను. అదే పీడీఎఫ్ వచ్చిన ఎనిమిదేళ్ల పాప ఇంకా అక్కడికే వెళ్తోందని విన్నాను. వాళ్లమ్మకి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. వాళ్లూ మన తెలుగువాళ్లే, హోరమావు వైపు ఉంటారు. మీలో ఎవరికైనా ఆవిడ తెలిస్తే ఈ సంగతి చేరవేయండి. పాపని ఒక్కసారి ఒంటికాలి మీద నిలబడి మెల్లగా వెనక్కి వంగమని, నొప్పి ఉందేమో అడగమనండి.