కోవెంట్రీలో టైఫాయిడ్ భయం: కాచిన నీళ్లా, క్లోరినా, టీకానా - ఏది మేలు?

పైపులు పగిలి నీళ్లు పాడైన ప్రతిసారీ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: కాచుకుని తాగితే సరిపోతుందా, క్లోరిన్ కలపాలా, టీకా వేయించుకోవాలా? యుద్ధకాలంలో ఇదే ప్రశ్న ఎదురైన ఊరు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ. అందుకే అక్కడి సంగతే చెప్తాను.

1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు దాదాపు పదకొండు గంటలు బాంబులు కురిపించాయి. 500 మందికి పైగా చనిపోయారు. తెల్లారేసరికి మంచినీళ్ల పైపులు, మురుగు పైపులు, గ్యాస్ పైపులు చాలాచోట్ల తెగిపోయి ఉన్నాయి. మంచినీళ్ల పైపులో ప్రెషర్ పడిపోతే పక్కన పారే మురుగును అదే లోపలికి లాగేసుకుంటుంది. టైఫాయిడ్ బయటపడడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది కాబట్టి డిసెంబరు దాకా టెన్షనే. అప్పటికి దానికి సరైన మందు కూడా లేదు. టైఫాయిడ్‌ను నయం చేసే క్లోరాంఫెనికాల్ అనే మందు 1948లో గానీ రాలేదు.

నీళ్లూ పాలూ కాచుకోమని మైకు బిగించిన వ్యాన్లు వీధుల్లో చెప్పుకుంటూ తిరిగాయి. మొదటి రోజుల్లో అంతకు మించిన దారి లేదు. బాగా మరిగితే టైఫాయిడ్ క్రిమి బతకదు. కానీ గ్యాస్ లేదాయె. అద్దాలు రాలిపోయిన గదిలో, బొగ్గుల మంట మీద కెటిల్ పెట్టి మరిగేదాకా కూర్చోవాలి. టీ కోసమైతే ఆ ఓపిక ఉంటుంది. పళ్లు తోముకోవడానికి? అర్ధరాత్రి పిల్లాడు దాహమని లేస్తే? ఒక్క ఇంట్లో ఒక్కసారి మరచిపోయినా చాలు. కాచిన నీళ్లు మురికి జగ్గులో పోస్తే మళ్లీ మొదటికే.

అందుకే నా ఓటు క్లోరిన్‌కి. పైపు అతికించాక దాన్ని ఘాటైన క్లోరిన్ నీళ్లతో శుద్ధి చేసి, ఆ తర్వాత వదిలే నీళ్లలోనూ మోతాదు పెంచితే, కుళాయి దాకా వచ్చేసరికి కొంత క్లోరిన్ మిగిలే ఉంటుంది. దారిలో మురుగు కాస్త చేరినా ఆ మిగిలినదే క్రిముల పని పడుతుంది. వాసన వస్తుంది, రుచి బాగుండదు, నిజమే. బురద నీళ్లలో సరిగా పనిచేయదు కూడా. కానీ ఇల్లాలి ఓపిక మీదా, బొగ్గుల మీదా ఆధారపడకుండా ఊరంతటినీ కాపాడేది ఇదొక్కటే. నాకు అసలు లెక్క అదే.

క్లోరిన్ ఆపితే ఏమవుతుందో మూడేళ్ల ముందే, 1937లో, లండన్ పక్కనున్న క్రోయ్‌డన్ చూసింది. నీళ్లిచ్చే బావిలో మరమ్మతులు జరుగుతున్నప్పుడు క్లోరిన్ కలపడం ఆపేసి, నీళ్లు మాత్రం ఊళ్లోకి వదిలారు. బావిలో దిగిన పనివాళ్లలో ఒకరి ఒంట్లో టైఫాయిడ్ క్రిములున్నాయి. పైకి ఏ లక్షణమూ లేదు. 43 మంది చనిపోయారు. కోవెంట్రీలో అన్నేసి పైపులు తెగినా టైఫాయిడ్ అంటువ్యాధిగా మారలేదు.

టీకా సంగతి రెండు ముక్కల్లో: కోవెంట్రీలో వేశారు, మంచిదే. కానీ పట్టు రావడానికి రోజులు పడుతుంది, అప్పటి టీకాతో చెయ్యి వాచి జ్వరం వచ్చేది, మురుగు నీళ్లతోనే వచ్చే రక్త విరేచనాలను అది ఆపదు. నీళ్లు బాగుచేసేవాళ్లకూ, నర్సులకూ ముందు వేస్తే చాలు.

పాల విషయంలో మాత్రం కాచడమే. పాలలో క్లోరిన్ పనికిరాదు. అప్పట్లో ఇంగ్లండ్‌లో పాశ్చరైజ్ చేయని పాలు చాలాచోట్ల అమ్మేవారు.